అత్తమ్మ రెండు-ఆరు గాజులు

ఆ రోజుల్లో నాకు కూర్చుంటే నిద్ర వచ్చేది, నిలబడితే కోపం వచ్చేది. శంషాబాద్ అవతల ఒక ఊళ్లో సర్కారు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున వంట, తర్వాత షేర్ ఆటో, తర్వాత బ్లాక్ బోర్డు, సాయంత్రం మళ్ళీ షేర్ ఆటో, మళ్ళీ వంట. నడుమ నెత్తి మీద నుంచి విమానాలు. ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో పిల్లలు పాఠం వదిలేసి కిటికీల దగ్గరికి ఉరికేవారు. రెండేళ్ళు తిరిగేసరికి తల ఎత్తి చూడడం కూడా మానేశారు. విమానం మోత తగ్గేదాకా నేను సుద్దముక్క పట్టుకుని నోరు మూసుకుని నిలబడేదాన్ని. నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో నాకు దొరికే విశ్రాంతి అదొక్కటే.

వృత్తం పాఠం వచ్చిందంటే మాత్రం ఇంటి నుంచి గాజులు మూటగట్టుకుని పోయేదాన్ని. పుస్తకంలో ఏముంటుంది? వృత్త పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే విలువ ఎప్పుడూ ఒక్కటే, దాన్ని పై అంటారు, లెక్కల్లో ఇరవై రెండు బై ఏడు అని వాడుకోండి అని ఉంటుంది. పిల్లలు కళ్ళు మూసుకుని అప్పజెబుతారు. అప్పజెప్పడం వేరు, నమ్మడం వేరు. అందుకని బెంచీకొక గాజు, ఒక దారం ముక్క ఇచ్చేదాన్ని. గాజు చుట్టూ దారం తిప్పి, అంతవరకు తెంపి, చాపి, గాజు అడ్డం కొలతతో దాన్ని కొలవమనేదాన్ని. చిన్న గాజైనా పెద్ద గాజైనా, మట్టిగాజైనా ప్లాస్టిక్ గాజైనా, మూడు అడ్డాలు పోయాక ఇంత దారం మిగిలేది. ఆ మిగిలిన ముక్క ఆ గాజు అడ్డంలో ఏడో వంతు ఉండేది, కాస్త అటూ ఇటూగా. "మేడం, మాది గూడ గట్లనే వచ్చింది!" అని ఒక్కో బెంచీ నుంచి అరిచేవారు. ఎన్నేళ్ళు చెప్పినా ఆ అరుపు దగ్గర నాకు ప్రాణం లేచొచ్చేది. తర్వాత మళ్ళీ కాళ్ళు పీకేవి.

ఆ గాజులన్నీ మా అత్తమ్మవి. ఆవిడ పాత సందుగలో అడుగున ఒక గుడ్డసంచి ఉండేది. తను వేసుకుని తీసేసిన గాజులు పారేయడం ఆవిడకు నచ్చదు. పెళ్ళినాటి రెండు-రెండు గాజులు, నా భర్త పుట్టాక వేసుకున్న రెండు-నాలుగు గాజులు, ఆ తర్వాతివి రెండు-ఆరు, అన్నీ అందులో ఉండేవి. గాజుల దుకాణంలో రెండు-ఆరు అంటే అడ్డంగా రెండు అంగుళాలు, మీద అంగుళంలో పదహారింట ఆరు వంతులు. పదహారో వంతును మా తాతల కాలంలో వీసం అనేవారు. నాకు ఆ మాట ఇష్టం, అందుకే పిల్లలకు కూడా రెండు అంగుళాల ఆరు వీసాలు అనే చెప్పేదాన్ని. సైజు మారినప్పుడల్లా గాజు అడ్డం రెండేసి వీసాలు పెరుగుతుంది. చుట్టు మాత్రం ఆరు వీసాల పైచిలుకు పెరుగుతుంది.

"నా గాజులు జూపిచ్చి జీతం తీస్కుంటున్నవు. నాకేమన్న ఇస్తవా పంతులమ్మా?" అనేది అత్తమ్మ, నేను సంచి అడిగిన ప్రతిసారీ.

ఆవిడ బడికి పోలేదు. అయినా ఏదైనా విన్నదంటే వదిలేది కాదు. ఒకసారి సంచి తిరిగి ఇస్తుంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ గాజులతో ఏం చెబుతావో నాకూ చెప్పమంది. నేను ఒళ్ళు అలిసి ఉన్నాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అయినా చెప్పాను. దారం తిప్పి చూపించాను. అడ్డం కొంచెం పెరిగితే చుట్టు దానికి మూడింతలు మించి పెరుగుతుందని, చుట్టు ఒక్క పిసరు మారిందంటే గాజు పట్టడం పట్టకపోవడం అక్కడే తేలిపోతుందని చెప్పాను. ఆవిడ ఆ మిగిలిన దారం ముక్కను చిటికెన వేలికి చుట్టుకుని చాలాసేపు చూసింది.

"సక్కగ మూడు రావొచ్చు గద? ఈ తోక ఏంది?"

"గదే తెల్వదు అత్తమ్మా. ఎంత దూరం లెక్కవెట్టినా గది తెగదు."

"నా ఇంటి పని లెక్క," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఇంటి పనిలో సగం నాదే మరి.

మాది శంషాబాద్ చుట్టుపక్కల ఊరే. మా మామ చేను ఇప్పుడు ఎయిర్‌పోర్టు గోడ లోపల ఉంది. చేను పోయాక శంషాబాద్‌లో కిరాయి ఇంటికి వచ్చాం. నా భర్త ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపేవాడు. రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర. మా మామ ఊరికే కూర్చోలేక ఎయిర్‌పోర్టు రోడ్డు నడుమ పూలచెట్లకు నీళ్ళు పట్టే పనికి కుదిరాడు. మాట తక్కువ మనిషి. అన్నం బాగుందంటే ఇంకో ముద్ద పెట్టించుకునేవాడు, బాగోలేదంటే చెయ్యి కడుక్కునేవాడు. అంతకు మించి ఆయన నుంచి అభిప్రాయం రాబట్టడం ఎవరి తరమూ కాదు.

ఒక ఎండాకాలం మా మామ నీళ్ళ పైపు చేతిలో ఉండగానే రోడ్డు నడుమ కుప్పకూలిపోయాడు. గుండె. తోటి పనివాళ్ళు ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. మేము పోయేసరికి లోపల మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. బయట వరండాలో అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమ చేతి గాజులు కళ్ళకద్దుకుని, వాటిని అలాగే కళ్ళకు నొక్కిపెట్టి ఉంచేసింది. పచ్చ మట్టిగాజులు, రెండు-ఆరు సైజువి. ఎవరు పిలిచినా చెయ్యి దించలేదు. పొద్దుగూకే ముందు మా మామ కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. ఆవిడ చెయ్యి దించితే కళ్ళ కింద గాజుల గుర్తులు పడి ఉన్నాయి.

అప్పటి నుంచి పండగలొచ్చినా పెళ్ళిళ్ళొచ్చినా కుడిచేతి గాజులే మార్చుకునేది. ఎడమ చేతివి ముట్టనిచ్చేది కాదు. మా వైపు భర్త బతికుండగా ఆడదాని చెయ్యి ఒక్క క్షణం కూడా వట్టిగా ఉండకూడదు. గాజులు మార్చేటప్పుడు కూడా పాతదొకటి ఉంచి కొత్తవి వేసి, ఆ తర్వాత ఆ ఒక్కటీ తీస్తారు. పగలగొట్టడమంటారా, అది ఒక్కనాడే. భర్త పోయిన తర్వాత దినం నాడు ముసలమ్మలు కూర్చోబెట్టి చేసే పని. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు.

మరుసటేడు ఆవిడ కాళ్ళు ఉబ్బాయి, తర్వాత ముఖం, తర్వాత చేతులు. ఎండవేడి అనుకున్నాం, ఉప్పు అనుకున్నాం. పరీక్షలు చేయించి చూస్తే కిడ్నీలు రెండూ పోయాయన్నారు. మెడలోకి ఒక గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. ఒకరోజు విడిచి ఒకరోజు పోవాలి. శంషాబాద్ నుంచి బస్సు, ఆరాంఘర్ దగ్గర దిగి ఆటో. బంద్‌లు ఎక్కువగా ఉన్న కాలం అది. బంద్ ఉందంటే నా భర్త రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన కళ్ళతోనే మమ్మల్ని సందుగొందుల్లో తిప్పి తీసుకుపోయేవాడు. సెలవులు పెట్టీ పెట్టీ హెడ్‌మాస్టర్ ముందుకు పోవాలంటే నాకే సిగ్గేసేది. తల ప్రాణం తోకకొచ్చింది అంటారే, అది నాకు ఆ ఏడాది ప్రతిరోజూ తెలిసేది.

డాక్టర్ కోస్తా వైపు మనిషి. ఎంత కఠినమైన మాటైనా మర్యాదగా చెప్పేవాడు.

"మెడలో గొట్టం ఎక్కువ రోజులు ఉంచలేమండీ. చీము పడితే ప్రాణానికే ప్రమాదం. చేతి దగ్గర రక్తనాళాలు రెండు కలిపి చిన్న ఆపరేషన్ చేస్తాం. తర్వాత అక్కడి నుంచే డయాలసిస్. కుడి చేతి నరాలు సెలైన్లు ఎక్కించీ ఎక్కించీ పాడయ్యాయి. ఎడమ చెయ్యి బాగుంది. ఆ చేతికి గాజులు, దారాలు, గడియారం, ఏదీ ఉండకూడదు. బరువులు మోయకూడదు."

"ఎన్ని దినాలు సార్?" అని అడిగింది అత్తమ్మ.

"ఇంక ఎప్పటికీనండీ."

ఆవిడ కొంగు లాగి ఎడమ చెయ్యి కప్పుకుంది. ఇంటికొచ్చాక నాతో, "నీ మామ బతికుండంగ నా చెయ్యి వట్టిగ ఉండది. ఆ గాజులు ఆయన పానం. తియ్య," అని లోపలికి పోయి పడుకుంది.

తియ్య అనడం ఒక ఎత్తు, నిజంగానే అవి రాకపోవడం ఇంకో ఎత్తు. చెయ్యి ఉబ్బి గాజులు ముంజేతికి అతుక్కుపోయాయి. నేను బతిమాలాను, పోట్లాడాను. చివరికి, పగలకుండా వస్తే తీయించుకుంటానని ఒప్పుకుంది. పగిలితే మాత్రం ఒప్పుకోదు. దాంతో ఆపరేషన్ ఆ గాజులు చెక్కుచెదరకుండా ఊడి రావడం మీద ఆధారపడింది. సబ్బు రాశాను. కొబ్బరినూనె రాశాను. చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీది నుంచి జార్చి చూశాను. మెటికల దగ్గర ఆగిపోయేవి. ఇంకాస్త నొక్కితే చిట్లుతాయేమోనని ఆవిడ కెవ్వున అరిచేది. డాక్టర్ ఆపరేషన్ రోజు ఇచ్చాడు, అది తప్పింది. మళ్ళీ ఇచ్చాడు, అదీ తప్పింది. మెడ దగ్గర గొట్టం చుట్టూ చర్మం ఎర్రబడడం మొదలైంది.

ఇక నాకు తెలిసింది లెక్కలే కదా, వాటినే పట్టుకున్నాను. సంచిలోంచి అదే సైజు పాత గాజు తీసి, లోపలి అంచు వెంబడి దారం తిప్పి, చుట్టెంతో అక్కడ ఒక ముడి వేశాను. ఏడున్నర అంగుళాలకు కాస్త తక్కువ. ఇప్పుడు అత్తమ్మ బొటనవేలు లోపలికి మడిపించి, మెటికల మీదుగా చేతి చుట్టూ అదే దారం తిప్పితే ముడి దాటి చాలా దూరం పోతోంది. మెత్తటి చెయ్యి కాబట్టి కొంత నొక్కుకుంటుంది, అర అంగుళం వరకు పరవాలేదు. ఆ అర అంగుళం దగ్గర ఇంకో ముడి వేశాను. డయాలసిస్ అయిన రోజు ఒంట్లో నీళ్ళు తగ్గి చెయ్యి చిక్కుతుంది. అలా చిక్కుతూ చిక్కుతూ ఒకరోజు ఆ రెండో ముడి లోపలికి వచ్చిందంటే గాజులు జారతాయి. అంతే లెక్క.

"నన్ను బర్రెను కొలిసినట్టు కొలుస్తుంది చూడుండ్రి," అని పక్కింటివాళ్ళకు చెప్పేది. కానీ చెయ్యి చాపేది.

డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రం దారం ముడికి బాగా దగ్గర పడేది. ఇంక ఒకటి రెండు సార్లు చాలనిపించేది. మర్నాడు కొలిస్తే మళ్ళీ మొదటికే. డాక్టర్ రోజుకు ఒక్క సీసా నీళ్ళే తాగమన్నాడు. ఆ సీసా నేనే నింపి ఇచ్చేదాన్ని. ఉప్పు మాన్పించాను, పప్పుచారు మాన్పించాను, పుచ్చకాయలు ఇంటికి రానివ్వలేదు. అయినా చెయ్యి ఉబ్బుతూనే ఉంది. మెషీన్ సరిగ్గా పని చేయడం లేదేమోనని డయాలసిస్ దగ్గర సిస్టర్‌తో గొడవ పెట్టుకున్నాను. "ఇంట్ల నీళ్ళెక్కువ తాగుతున్నరు," అందామె. ఒళ్ళు మండి, మా ఇంట్లో సంగతి మీకేం తెలుసు అని గట్టిగానే అన్నాను.

మార్చి నెలలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మొదటి రోజు ఆవిడకు చెప్పడం మరిచిపోయాను. పన్నెండున్నరకు బడి విడిచి, ఎండలో ఆటో కోసం నిలబడి నిలబడి, కళ్ళు తిరుగుతుండగా ఇంటికి చేరాను. మా మామ కూడా పొద్దుటి పని ముగించుకుని వచ్చి అరుగు మీద అన్నం తింటున్నాడు. నేను చెప్పులు విడిచి లోపలికి పోయాను. వంటింటి మూలన మంచినీళ్ళ కుండ, రంజన్ దగ్గర అత్తమ్మ చెంబు ఎత్తి గటగటా తాగుతోంది. మెడలోని గొట్టం ఆ గుక్కలకు కదులుతోంది.

"ఏం జేస్తున్నవ్ అత్తమ్మా?"

చెంబు దించలేదు. మిగిలింది కూడా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "నీళ్ళు తాగుతున్న. కనవడ్తలేదా?"

"సస్తవు! ఊపిరి ఆడక సస్తవు! డాక్టర్ ఎన్నిసార్లు జెప్పిండు?"

"తెల్సు."

"తెల్సి తాగుతున్నవా? రోజూ తాగుతున్నవా?"

"నువ్వు బడికి పోంగనే తాగుత." ఆవిడ గొంతులో తప్పు చేసిన బెరుకు లేదు. అలసట ఉంది. "నువ్వే జెప్పితివి గద పిల్లా. చుట్టు జరంత మారినా గాజు పట్టదని. చెయ్యి జరంత ఉబ్బితే సాలు, ఇగ అవి రావు. రాకుంటే ఆపరేషన్ లేదు. గాజులు గాజుల తీర్గ ఉంటయి, నీ మామ నీ మామ తీర్గ ఉంటడు. నాదేముంది, ముసలిదాన్ని."

అన్నేళ్ళ బడిలో నేను చెప్పిన పాఠాన్ని అంత చక్కగా అర్థం చేసుకున్న మనిషిని నేను చూడలేదు. నేను దారంతో కొలిచి ఆవిణ్ణి బతికిద్దామని చూస్తుంటే, ఆవిడ అదే లెక్క పట్టుకుని రోజూ ఒక్కో చెంబు తాగి మొగుణ్ణి బతికించుకుంటోంది. నేను అక్కడే రంజన్ పక్కన కూలబడి ఏడ్చాను. కోపంతో ఏడ్చానో, నీరసంతో ఏడ్చానో చెప్పలేను. ఆ పూట ఇంకెవరైనా ఒక్క మాట అన్నా ఇల్లు విడిచి పోయేదాన్నే.

అరుగు మీద కంచంలో చెయ్యి కడిగిన చప్పుడయింది. మా మామ అన్నీ విన్నాడు.

ఆయన లోపలికి రాలేదు. అరుగు మూలనున్న నా భర్త పనిముట్ల డబ్బాను తనే తీసి వెతికి, కటింగ్ ప్లేయర్ తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలు కుండీలో ముంచి పిండాడు. అరుగు మీద కూర్చుని, "ఇటు రా," అన్నాడు.

అత్తమ్మకు ఆ ప్లేయర్ చూడగానే అర్థమైంది. ఎడమ చెయ్యి వీపు వెనక్కి దాచుకుంది. "వద్దయ్యా. నీ కాళ్ళు మొక్కుత."

"కాళ్ళు తర్వాత మొక్కు. ముందుగాల చెయ్యి తే."

"పగలగొడ్తవా? నీ నోట్ల మన్నువడ, నువ్వు బతికుండంగనే పగలగొడ్తవా?"

"నేను బతికున్నా కాబట్టే నేను పగలగొడ్తున్న." లేచి పోయి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను ఆ ఇంట్లో కాలుపెట్టాక ఆయన ఆవిడ చెయ్యి పట్టుకోవడం చూసింది అదే మొదటిసారి. "పిల్లా, ఒక స్పూను తే," అన్నాడు నాతో.

స్పూను కాడతో తడి తువ్వాలు అంచును గాజు కింద మెల్లగా దూర్చాడు, పెంకులు ఆవిడకు గుచ్చుకోకుండా. మీద ఇంకో మడత కప్పాడు. ప్లేయర్ పెట్టి నొక్కాడు. టిక్ మని చప్పుడు. అత్తమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కండ్లు తెర్వు. సూడు. సచ్చిన్నా నేను?"

ఆవిడ తెరవలేదు.

"ఏయ్. సూడమంటున్న గద. ఉన్ననా లేనా?"

తెరిచి చూసింది. ఆయన నుదుటి మీద చెమట, మూతి పక్కన ఒక అన్నం మెతుకు.

"ఉన్నవు," అంది.

రెండో గాజు. టిక్. "ఉన్ననా?"

"ఉన్నవు."

అలా ఒక్కో గాజూ పగలగొడుతూ, ఒక్కోదానికీ అడిగాడు. ఒక్కోదానికీ ఆవిడ చూసి చెప్పింది. మధ్యలో ఒకసారి పెంకు ఆయన బొటనవేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. ఆవిడ అది చూసి గుండె బాదుకోబోతే, "గింత గీతకు ఎవడు సస్తడే," అని కసిరాడు. చివరి గాజు పోయాక ముంజేయి చుట్టూ తెల్లటి చారలు మిగిలాయి. ఆయన వాటి మీద తడి తువ్వాలుతో తుడిచాడు.

"నేను సచ్చిన్నాడు పగలగొట్టే గాజులు నేనే పగలగొట్టిన. అయిపాయె ఆ పని. ఇగ నీ చెయ్యి ఇంకొకలు ముట్టేది లేదు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "డాక్టర్‌కు ఫోన్ జెయ్యి," అన్నాడు. నేను ఆయన నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు వినడం అదే మొదలు, అదే ఆఖరు.

ముక్కలు నేనే ఏరాను. అన్నీ వంపు తిరిగిన పచ్చ పెంకులు. పగిలిన గాజుకు చుట్టూ లేదు, అడ్డమూ లేదు. ఆవిడ వాటిని పారేయనివ్వలేదు. తులసి కుండీలో మట్టి కింద పెట్టించింది. ఆ సాయంత్రం సీసాలో మిగిలిన నీళ్ళు తనే తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ వారమే ఆపరేషన్ అయింది. చెయ్యి మానాక డాక్టర్ ఒక సంగతి చూపించాడు. మణికట్టు పైన, ఆ నరాలు కలిపిన చోట వేలు పెడితే సన్నగా మోగుతుంది, లోపల తేనెటీగ ఉన్నట్టు. అది రోజూ చూసుకోవాలండీ, మోగడం ఆగిందంటే వెంటనే రావాలి అన్నాడు. ఆ పని మా మామ తీసుకున్నాడు. పొద్దున్నే పైపు పట్టే పనికి పోయే ముందు, ఆవిడ టీ గ్లాసు ఇస్తుంటే ఎడమ చెయ్యి పట్టుకుని, గాజులుండే చోట రెండు వేళ్ళు ఆనించి, తల పక్కకు వంచి కాసేపు ఉండేవాడు. "మోగుతున్నది," అని టీ తాగేవాడు. అత్తమ్మకు ఇరుగుపొరుగు ముందు సిగ్గు. "గీ వయసుల చెయ్యి వట్టుకునుడేందో," అని నాకు మాత్రం వినబడేలా గొణిగేది. ఎడమ చేతివి కూడా కలిపి కుడిచేతికే వేసుకునేది. ఒళ్ళు చిక్కి రెండు-నాలుగుకు వచ్చింది. దుకాణంలో ఆ సైజు అడిగిన రోజు, "మళ్ళ పెండ్లినాటికి పోతున్న పిల్లా," అని నవ్వింది.

మా బతుకు తేలికేం కాలేదు. అదే బస్సు, అదే ఆరాంఘర్, అదే వరండాలో బెంచీ. ఆ బెంచీ మీదే పరీక్ష పేపర్లు దిద్దేదాన్ని. ఒక్కో ఏడు ఒక్కో కొత్త తరగతి, అవే గాజులు, అదే మూడు, ఆ మీద అదే తెగని తోక. మేడం మాది గూడ గట్లనే వచ్చింది అని కొత్త గొంతులు అరిచేవి.

మూడేళ్ళ తర్వాత ఒక వానాకాలం మా మామ పోయాడు. పొద్దున టీ తాగి, "మోగుతున్నది," అని చెప్పి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు.

దినం నాడు మా ఊరి నుంచి, చుట్టాల నుంచి ముసలమ్మలు వచ్చారు. అత్తమ్మను పీట మీద కూర్చోబెట్టారు. పెద్ద ముసలమ్మ ఒకావిడ ఏడుస్తూనే ముందు ఎడమ చెయ్యి పట్టింది. అది వట్టిది. దాన్ని వదిలి కుడి చెయ్యి పట్టింది. అత్తమ్మ ఆ చెయ్యి లాగేసుకుంది. నెమ్మదిగా లాగలేదు, గుంజేసుకుంది.

"ముట్టకుండ్రి."

"గదేందే? ఆనవాయితీ గద!"

"ఆ పని జేసేటోడు చేసి పోయిండు. బతికుండంగ, నా ముంగట కూసోని, తన సేతులతోని చేసిండు. ఇంకొకలు ముట్టేది లేదన్నడు. ఇగ ఇవి నావి."

గుసగుసలు లేచాయి. ఒకరు ఆవిడకు మతి పోయిందన్నారు. ఇంకొకరు నా వైపు తిరిగి, "సదువుకున్నదానివి, నువ్వన్న జెప్పు పంతులమ్మా," అన్నారు. నేను పదిరోజుల నుంచి నిద్రలేక ఉన్నాను. వాదించే ఓపిక లేదు. "ఆమెకు రేపు డయాలసిస్ ఉన్నది. జర అన్నం తిననియ్యుండ్రి," అని ఆవిణ్ణి పీట మీది నుంచి లేపి లోపలికి తీసుకుపోయాను. పెద్ద ముసలమ్మ తినకుండానే పోయింది. ఆ తర్వాత ఏడాది దాకా ఆ చుట్టాలు మా గడప తొక్కలేదు. నాకు వంట తగ్గింది.

మర్నాడు పొద్దున్నే బస్సుకు టైమవుతోందని నేను ఉరుకులు పరుగులుగా టీ పెట్టాను. అత్తమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. గ్లాసు ఇస్తే తీసుకోలేదు. ఎడమ చెయ్యి నా ముందుకు చాపింది, దారంతో కొలిచే రోజుల్లో చాపినట్టే.

"నువ్వు సూడు పిల్లా."

నేను గ్లాసు కింద పెట్టి, పక్కన కూర్చుని, ఆయన వేళ్ళు పెట్టే చోట నా వేళ్ళు పెట్టాను.

"మోగుతున్నది అత్తమ్మా," అన్నాను. అప్పుడు టీ అందుకుంది.